ఒక్క ఫ్రేము పరీక్ష

మొన్న మా కార్యాలయంలో అందరినీ మెట్ల మీద వరుసగా నిలబెట్టి ఫోటో తీయించారు. తీసిన కుర్రవాడు బొత్తం మీద పెట్టిన వేలు ఎత్తనే లేదు; కెమెరా తన మానాన తాను టపటపా కొట్టుకుంటూ పోయింది. కళ్ళు మూశానేమోనని ఎవరో సందేహపడితే, "ఇన్నింట్లో ఏదో ఒకటి బాగుంటుంది లెండి. లేకపోతే కంప్యూటర్లో తెరిపిస్తాను" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని, నా నవ్వుకు కారణం వేరు. ఒకే ఒక ఫ్రేములో అందరి కళ్ళూ తెరిచి ఉండడం కోసం మా ఇంట్లో ఒక ఆషాఢమంతా వంట సరిగా సాగని సంగతి నాకు గుర్తుకు వచ్చింది.

మా నాన్నది గద్వాలలో ఫోటో స్టూడియో. ముందు గది స్టూడియో, దాని వెనుక చీకటిగది, ఆ వెనుక మా ఇల్లు. వంటింట్లోంచి బజారుకు రావాలంటే రసాయనాల వాసన దాటి రావలసిందే. పొద్దున పూట ఆ పుల్లని ఘాటులో అమ్మ చేసే ఉగ్గాని తాలింపు కలిసేది. నానబెట్టిన బొరుగుల్లో ఉల్లిపాయ, పచ్చిమిరప, పసుపు వేసి, పైన పుట్నాల పొడి చల్లిన ఆ ఉగ్గానికి నా జ్ఞాపకంలో ఇప్పటికీ కొంచెం ఫోటోలు కడిగే హైపో వాసన ఉంది.

స్టూడియోలో జలపాతం బొమ్మ వేసిన తెర ఒకటి, దారంతో అద్దానికి కట్టిన దువ్వెన ఒకటి, పౌడరు డబ్బా ఒకటి ఉండేవి. పాస్‌పోర్టు ఫోటోల కోసం ఒక కోటు ఉండేది. దాని వీపు నిలువునా చీల్చి ఉండేది గనుక ఎంత లావు మనిషికైనా, ఎంత సన్నని మనిషికైనా ముందు నుంచి సరిగ్గా కుట్టించినట్టే కనిపించేది. నేనూ తమ్ముడూ ఒకసారి పక్కింటి మేకపిల్లకు ఆ కోటు తొడిగి, టై కట్టి, జలపాతం ముందు కూర్చోబెట్టాం. నాన్న లోపలికి వచ్చి చాలాసేపు దాన్ని చూశాడు. తిడతాడనుకున్నాం. వంగి టై ముడి సరిచేసి, "ఇప్పుడు సరిగున్నది" అని చీకటిగదిలోకి వెళ్ళిపోయాడు.

ఫోటోగ్రాఫర్ల సంఘం నాకంటే ముందే పుట్టింది. అదీ ఒక గొడవలోంచి పుట్టింది. పెబ్బేరులో ఒక పెండ్లికి పిల్ల తరపువాళ్ళు ఒక ఫోటోగ్రాఫర్ని, పిల్లవాడి తరపువాళ్ళు ఇంకొకర్ని మాట్లాడుకున్నారట. మంగళసూత్రం కట్టే సమయానికి ఇద్దరూ ఒకే చోటికి దూకారు. ఒకరి ఫోటోలో రెండవవారి తల వెనుక భాగం పడింది, రెండవవారి ఫోటోలో మొదటివారి మోచేయి పడింది. మంగళసూత్రం మాత్రం ఎవరి ఫోటోలోనూ పడలేదు. రెండు కుటుంబాలూ రెండు స్టూడియోల మీదికీ వచ్చాయి. అప్పుడు వనపర్తి నుంచి అందరికంటే పెద్దాయన వచ్చి ఇద్దరినీ కూర్చోబెట్టి చాయ్ తాగించి, గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు ఊళ్ళవాళ్ళకూ కలిపి సంఘం పెట్టారు. ఆయనను పేరు పెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. అందరికీ ఆయన ఉస్తాద్. మాకు ఉస్తాద్ తాత.

సంఘం కట్టుబాట్లు సూటిగా ఉండేవి. ఒకరు ఒప్పుకున్న పెండ్లికి ఇంకొకరు పోకూడదు. ముహూర్తం నాడు ఒకరి కెమెరా మొరాయిస్తే దగ్గరలో ఉన్న సభ్యుడు తనది పంపాలి. సభ్యులు కానివారు ఈ మూడు ఊళ్ళలో శుభకార్యానికి కెమెరా పట్టుకొని పోకూడదు. సభ్యత్వానికి మాత్రం ఒక వింత పరీక్ష ఉండేది. ఏటా ఆషాఢంలో, పెండ్లిళ్ళు లేక కెమెరాలన్నీ విశ్రాంతిగా ఉన్న రోజుల్లో, సంఘమంతా సోమశిలకు పోయేది. అక్కడ నదికి దిగే మెట్ల మీద సభ్యులందరూ కూర్చునేవారు. చేరదలచినవారు సంఘం కెమెరాతో వాళ్ళందరినీ ఒకే ఒక ఫ్రేములో తీయాలి. ఒక్క ముఖం దాగకూడదు, ఒక్క కన్ను మూతపడకూడదు. కూర్చున్నవాళ్ళు లేచిపోవడం తప్ప ఏ అల్లరైనా చేయవచ్చు. పెండ్లిలో చుట్టాలు చెప్పిన మాట వింటారా అన్నది ఉస్తాద్ తాత వాదన. ఒక్క ఫ్రేమే ఎందుకంటే, సూత్రం ఇంకోసారి కట్టమని పెండ్లికొడుకును అడగలేం గనుక.

ఈ అల్లరిలో ఆరితేరినవాడు సంఘం కార్యదర్శి. గద్వాలవాడే. మూడుకాళ్ళ స్టాండు లేకుండా గుమ్మానికి కట్టిన తోరణాన్ని కూడా ఫోటో తీసేవాడు కాదు గనుక మేము ఆయనను స్టాండు మామ అనేవాళ్ళం. తీసేవాడి వేలి మీద చూపు నిలిపి, వేలు బిగిసిన క్షణానికి సరిగ్గా కళ్ళు మూయడం ఆయన విద్య. మామ పుణ్యమా అని మొదటి ఏడే పరీక్ష గట్టెక్కినవాళ్ళు చాలా అరుదు.

అమ్మ కెమెరా పట్టింది పక్కింటివాళ్ళ వల్ల. వాళ్ళది గాజుల దుకాణం. మేము ఖాలా అని పిలిచే ఆ ఇంటావిడ తన చుట్టాల పెండ్లికి నాన్నను మాట్లాడి, ఆడవాళ్ళ వైపు మాత్రం తెర దాటి రావద్దని చెప్పింది. అప్పటికే చీకటిగదిలో నెగెటివ్‌లు సరిచేయడం, ప్రింట్లు వేయడం అమ్మ చేతి పనులే. నాన్న తెర దగ్గర నిలబడి కెమెరా లోపలికి అందించాడు. అమ్మ తీసిన ఆ రీలు కడిగిన రోజు నాన్న నెగెటివ్‌లను కిటికీకి పట్టి ఒకటొకటిగా చూశాడు. మరుసటి పెండ్లికి రెండవ కెమెరా సంచిలో పెట్టుకున్నాడు. అట్లా కొన్ని పెండ్లిళ్ళలో అమ్మ తీసినవి నాన్న పేరు మీదే చెల్లిపోయాయి.

ఒకనాడు స్టాండు మామ మా దుకాణంలో ఆల్బం తిరగేస్తూ ఒక పుట దగ్గర ఆగాడు. చుట్టూ ఆడవాళ్ళే; మధ్యలో పెండ్లికూతురు చేతులనిండా మెహందీతో నోరు తెరుచుకొని నవ్వుతోంది. పరాయి మగవాడి ముందు ఆ పిల్ల అట్లా నవ్వదని మామకు తెలుసు. ఎవరు తీశారని అడిగాడు. నాన్నకు అబద్ధం చెప్పడం చేతకాదు. చెప్పబోతే ముందు చెవులు ఎర్రబడతాయి.

"ఆడోళ్ళు, మొగోళ్ళు అని కాదన్నా," అన్నాడు మామ. "పరీక్ష లేకుండ ఎవ్వలొచ్చినా ఇగ సంఘం ఎందుకు? రేపు నా కొడుకొచ్చినా గిదే మాట."

అప్పటికి ఖాలా కూతురి పెండ్లి కుదిరి ఉంది. ఆ అక్కను మేము ఆపా అనేవాళ్ళం. మాకు గాజుల ముక్కలతో ఆటలు నేర్పింది ఆమే. సోమశిల ప్రయాణం అయిన వారానికే నిఖా. సంగతి తెలిసి ఖాలా మా వంటింటి గడప దగ్గరికి వచ్చింది. "నా బిడ్డ ఫోటోలు నువ్వు తీస్తే తీయి. లేకుంటే ఫోటో లేకుండనే పంపిస్త. మొగోళ్ళను లోపలికి రానియ్యం, నీకు తెల్వదా?" అంది. వెనుకే ఆపా నిలబడి ఉంది. అమ్మ వైపు చూసి, నేల చూపులు చూసింది. ఆ సాయంత్రమే అమ్మ పరీక్షకు కూర్చుంటానని సంఘానికి చెప్పి పంపింది. అంతవరకు ఏ ఆడమనిషీ అడగని మాట అది.

ఇక మా ఇంట్లో సాధన మొదలయింది. రోజూ సాయంత్రం అమ్మ మమ్మల్నీ, ఖాలా ఇంటివాళ్ళనూ, బజారులో దొరికినవాళ్ళనూ పెరటి మెట్ల మీద కూర్చోబెట్టేది. రీలు లేని కెమెరాతోనే. నాన్న స్టాండు మామ వేషం కట్టేవాడు. నానమ్మ అల్లరి చేయమంటే ఏం చేయాలో తెలియక ప్రతిసారీ దగ్గేది. తమ్ముడు అసలే కుదురుగా కూర్చునే రకం కాదు. వాడికి ఇది సాధనగా కూడా అనిపించలేదు.

"జర నవ్వు మానుకొని నా కండ్లు చూడు," అనేవాడు నాన్న. "ఆయన గిట్లనే చేస్తడు."

"నీ కండ్లు చూస్తేనే నవ్వొస్తుంది. నేనేం చేయాలె?" అనేది అమ్మ.

ఎన్ని సాయంత్రాలు ప్రయత్నించినా బొత్తం చప్పుడుకు నాన్న కళ్ళు మూతపడుతూనే ఉన్నాయి. ఈలోగా పొయ్యి మీద అన్నం అడుగంటేది. చివరి రోజుల్లో అమ్మ సాధన మానేసింది. తెర వేసుకొని చీకటిగదిలో కూర్చునేది. ఆశ వదులుకుందని నాన్న అనుకున్నాడు. ఆమెకు ధైర్యం చెప్పబోయి తానే దిగులు పడ్డాడు.

సోమశిలకు డీసీఎం వ్యానులో బయలుదేరాం. బీచుపల్లి వంతెన మీద కృష్ణ ఎర్రగా, నిండుగా కనబడింది. పెబ్బేరులో సంత రోజు కావడం వల్ల ఎడ్ల మధ్య వ్యాను ఇరుక్కుపోయింది. మామూలు మనుషులైతే విసుక్కుంటారు. వీళ్ళందరూ ఒక పక్కకు ఒరిగి, కొమ్ములకు రంగు పూసిన ఒక కోడె మీద వెలుతురు ఎట్లా పడుతోందో వాదించుకున్నారు. దారిపొడుగునా మేము పిప్పరమెంట్లు చప్పరించాం. అవి ఖాళీ ఫిలిం డబ్బాల్లో దాచినవి గనుక అన్నింటికీ ఒకే రుచి ఉండేది. వనపర్తివాళ్ళతో ఎక్కిన ఉస్తాద్ తాత, "ఆషాఢం మీకుగాని మా నిఖాలకు లేదు. మీకు తీరికని నేను పెండ్లిళ్ళు వదులుకొని రావాలె" అని ఏటా అనే మాట ఆ ఏడూ అని అందరినీ నవ్వించారు.

నది ఒడ్డున మధ్యాహ్నం జొన్న రొట్టెలు, చేపల పులుసు. బుట్టలాంటి పుట్టీ పడవలో వచ్చిన జాలరి అప్పుడే పట్టిన చేపలు ఇచ్చిపోయాడు. అమ్మ తినలేదు. నాన్న ఆమె తినలేదని తాను రెండు పూటల తిండి తిన్నాడు. కంగారు పడితే ఆయనకు ఆకలి ఎక్కువ.

భోజనాల తరువాత మబ్బు దట్టంగా కమ్మింది. సన్నని తుంపర పడుతూ ఆగుతూ ఉంది. సభ్యులందరూ మెట్ల మీద కూర్చున్నారు. నాన్న మొదటి వరుసలో, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకొని. అభ్యర్థికి ఎవరైనా మాటతో గాని సైగతో గాని సాయం చేస్తే పరీక్ష పోయినట్టేనని మామ అందరికీ గుర్తుచేశాడు. గుర్తుచేస్తూ నాన్న వైపే చూశాడు.

అమ్మ సంఘం కెమెరాను మామ తెచ్చిన స్టాండు మీద బిగించి, నలుపు తెలుపు రీలు వేసింది. చాలాసేపు చూసి, ఫోకస్ సరిచేసుకుంది. ఇంతలో తుంపర పెరిగితే కొంగుతో అద్దం తుడిచి, దానికి మూత పెట్టి, వాళ్ళను సర్దడానికి మెట్ల దగ్గరికి వచ్చింది. ఎవరూ మాట వినలేదు. ఒకరు పక్కవారి తల మీద తువ్వాలు వేశారు. ఇంకొకరు కడుపునొప్పి అన్నారు. అసలు చిక్కు ఏమిటంటే, వాళ్ళలో ఎవరికీ ఫోటోకు కూర్చునే అలవాటు లేదు, అందరూ తీసేవాళ్ళే. మూలనున్నవాళ్ళు పడడం లేదని ఒకరు, వెలుతురు తగ్గుతోందని ఒకరు, స్టాండు ఎడమకు వంగిందని మామ, ఎవరికి వారే పైనుంచి ఆజ్ఞలు ఇస్తున్నారు.

అమ్మ వెనక్కి వెళ్ళి, బొత్తానికి బదులు నొక్కే కేబుల్ చేతిలోకి తీసుకుంది. మూత తీయలేదు.

మొదట చూసింది నేనే అనుకున్నాను. నోరు తెరవబోయి ఆపుకున్నాను. అమ్మ కేబుల్ నొక్కింది. టక్కుమంది. సరిగ్గా ఆ చప్పుడుకు మామ కళ్ళు మూశాడు; ఒకరు తల తిప్పారు; ఒకరు చేయి అడ్డం పెట్టుకున్నారు. ఎవరి అల్లరి వారు పూర్తి చేసుకొని, పని అయిందన్న తృప్తితో కెమెరా వైపు తిరిగారు. తిరిగి, మూతను చూశారు.

అంతమంది ఫోటోగ్రాఫర్లు ఒక మూసిన అద్దాన్ని చూసినప్పుడు ఎట్లా ఉంటారో నేను ఆ ఒక్కసారే చూశాను. ఊపిరి బిగబట్టి, కళ్ళు పెద్దవి చేసి, నవ్వాలా జాలిపడాలా తేల్చుకోలేక, అందరూ శిలల్లా ఆ మూతనే చూస్తున్నారు. తువ్వాలు జారి ఒళ్ళో పడినా ఎవరూ కదలలేదు.

అమ్మ ముందుకు వంగి, మూతను మెల్లగా పక్కకు తీసింది. లోలోపల ఏదో లెక్కపెట్టుకున్నట్టు పెదవి కదిపింది. మళ్ళీ మూత పెట్టేసింది. కేబుల్ మరను వదిలితే ఇంకొక టక్కు వినబడింది.

"అయిపోయింది. లేవండి," అంది.

అందులో రహస్యమేమీ లేదు. కెమెరాలో ఒక అమరిక ఉంటుంది: కేబుల్ నొక్కి బిగిస్తే లోపలి తలుపు తెరుచుకొని, విడిచేదాకా తెరిచే ఉంటుంది. మూత ఉన్నంతవరకు ఫిలిం మీద వెలుతురు పడదు. మూత తీసినప్పుడే ఫోటో మొదలు, పెట్టినప్పుడే ముగింపు. తలుపులు లేని పాత కర్ర కెమెరాలతో, నాన్నకు పని నేర్పిన మా తాత తీసింది అట్లాగే. ఆ మెట్ల మీది పెద్దవాళ్ళూ తమ గురువుల దగ్గర మొదట నేర్చింది అట్లాగే. ఆ మబ్బుకు, ఆ ఫిలింకు, రంధ్రాన్ని చివరిదాకా కుదిస్తే అర సెకను కావాలని ఇప్పుడు నేను లెక్కగట్టి చెప్పగలను. అమ్మ ఆ అర సెకనును చీకటిగదిలో మూత చేతబట్టుకొని సాధన చేసింది. చప్పుడు వినగానే పని అయిపోయిందనుకోవడం చప్పుడుతో బతికేవాళ్ళు మాత్రమే చేసే పొరపాటు.

చప్పుడు సంగతి ఒక్క ఉస్తాద్ తాతకే తెలిసింది. "సగమే వచ్చింది బేటీ. తెరిసిన సప్పుడు వచ్చింది, మూసిన సప్పుడు రాలే. మిగిలిన సగం కోసం కదలకుండ కూసున్న," అన్నారు.

కాని గండం అక్కడే వచ్చింది. అమ్మ మూత తీస్తున్న వేళ నాన్న చేయి మోకాలి మీది నుంచి లేచి, మూత ఉందని కెమెరా వైపు చూపించింది. పక్కనున్నవాళ్ళు చూశారు. ఆయన సైగ చేస్తేనే ఆమె మూత తీసిందని, పరీక్ష చెల్లదని నాగర్‌కర్నూలు వాళ్ళు పట్టుబట్టారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. ఆయనకు సైగ చేసిన మాట తెలుసు; ముందా, వెనుకా అన్నది ఆయనకే తెలియదు. అమ్మ తడిసిన కొంగు పిండుకుంటూ నదివైపు తిరిగి నిలబడింది.

రీలు కడిగాకే మాట్లాడదామన్నాడు మామ. గుడి పక్క సత్రంలో నల్ల సంచిలో చేతులు పెట్టి ఆయనే రీలును కడిగే డబ్బాలోకి ఎక్కించాడు. డబ్బా ఊపడం తమ్ముడూ నేనూ వంతులు వేసుకున్నాం. సాయంత్రపు వెలుతురు ఉండగానే తడి నెగెటివ్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకొని, మామ భూతద్దంతో వరుస వరుసా చూశాడు. నెగెటివ్‌లో ముఖాలు నల్లగా ఉంటాయి, తెరిచిన కంట్లో పాప మాత్రం తెల్లని చుక్కలా వెలుగుతుంది. ప్రతి ముఖంలోనూ రెండు చుక్కలు ఉన్నాయి. తన ముఖం దగ్గర మామ కొంచెం ఎక్కువసేపు ఆగాడు. తరువాత నాన్న దగ్గరికి వచ్చాడు. అక్కడ చాలాసేపు ఆగాడు.

"అందరు జర ఇటు రండి," అన్నాడు. "అన్న చెయ్యి మోకాలి మీద చిక్కగ పడ్డది. పైకి పోంగ పోంగ పలచబడ్డది. అంటే ఏంది? చెయ్యి ఇంక మోకాలి మీదున్నప్పుడే మూత లేచింది. ఆమె తీసినంక ఈయన లేపిండు. వదినకు ఎవ్వలూ చెప్పలే."

భూతద్దం చేతులు మారింది. చివరికి నాగర్‌కర్నూలు వాళ్ళు కూడా తల ఊపారు. ఏ పనికైనా ఒక అడుగు ఆలస్యంగా లేచే మా నాన్న గుణం మాకు మేలు చేసిన సందర్భం అదొక్కటే.

మామ నెగెటివ్‌ను ఆరవేసి, చేతులు తుడుచుకొని, అమ్మ దగ్గరికి వచ్చాడు. "నేను కండ్లు మూసిన వదినా. మూసి తెరిసినంక తీసినవ్. ఇరవైమంది నా తాన ఓడిపోయిండ్రు, ఒక్కరికీ గిది తట్టలే," అన్నాడు. ఆ తరువాత, ఆయన స్వభావం ఆయనది గనుక, స్టాండు మాత్రం కొంచెం ఎడమకు వంగే ఉందని చెప్పాడు.

అమ్మ అప్పుడు రొట్టె అడిగింది. చల్లారిన చేపల పులుసుతో నాలుగు తిన్నది.

ఆ వారమే ఆపా నిఖా. తెర దగ్గరిదాకా నాన్న వచ్చి ఆగిపోయాడు. అమ్మ తన కెమెరా, తన సంచితో లోపలికి పోయింది. ఆమె వెంట లోపలికి పోయిన నాకు అత్తరు, బిర్యానీ, మల్లెల వాసన కలిసి తల తిరిగింది. ఆపా మొదట తల వంచుకొనే ఉంది. అమ్మ ఆమె చెవిలో ఏదో చెప్పింది. ఏమి చెప్పిందో ఇద్దరూ ఇప్పటికీ చెప్పరు. ఆపా తల ఎత్తి అమ్మ వైపు చూసిన ఆ చూపు ఆల్బం మొదటి పుటకు ఎక్కింది.

మరుసటి ఏడు సోమశిలలో అమ్మ మెట్ల మీద కూర్చుంది. పరీక్షకు వచ్చింది ధరూర్ నుంచి ఒక కుర్రవాడు. మూత తీశానా లేదా అని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. అమ్మ అతనికి దయతో సహకరిస్తుందనుకున్నాను. బడిలో ఫోటోకు నిటారుగా కూర్చోవాలని మాకు చెప్పి పంపిన మనిషి ఆమె. అతని వేలు బిగుసుకుంటున్న క్షణంలో పక్కకు వంగి, "అన్నా, నీ అంగీ గుండీ ఊడింది," అంది మామతో. జీవితంలో మొదటిసారి మామ తీసేవాడి వేలి మీది నుంచి చూపు మరల్చి కిందికి చూశాడు. గుండీ ఊడలేదు.

ఆ మెట్ల మీద అదే ఆఖరి పరీక్ష. ఆ ఏడు దాటేసరికి డిజిటల్ కెమెరాలు వచ్చాయి. బాగాలేనిది చెరిపి మళ్ళీ తీయవచ్చు గనుక ఒక్క ఫ్రేము అన్న మాటకు అర్థం పోయింది. పరీక్ష తప్పిన ధరూర్ కుర్రవాణ్ణి మళ్ళీ పరీక్ష లేకుండానే చేర్చుకున్నారు; అందుకు చేయి ఎత్తినవాళ్ళలో స్టాండు మామ కూడా ఉన్నాడు. ఉస్తాద్ తాత పోయాక ఆషాఢపు ప్రయాణాలు ఆగాయి. కొన్ని స్టూడియోలు సెల్‌ఫోన్ దుకాణాలయ్యాయి. సంఘం ఉందని ఇప్పటికీ అంటారు. కూడినట్టు మాత్రం ఎవరూ చెప్పరు.

ధరూర్ కుర్రవాడు తాను పరీక్షలో తీసిన ఆ ఫ్రేమును పెద్దదిగా వేసి మాకు ఇచ్చిపోయాడు. అందులో మామ తల వంచి తన గుండీలు చూసుకుంటున్నాడు. నాన్న ఏమయిందో తెలియక మామ వైపు తిరగబోతున్నాడు. మధ్యలో అమ్మ, నవ్వు ఆపుకోలేక కళ్ళు గట్టిగా మూసుకొని ఉంది. పరీక్ష ప్రకారం అది తప్పిన ఫోటో. మా ఇంటి గోడ మీద ఉన్నది అదే.